ఎనిమిదో ప్రశ్న

మా అమ్మాయి చేతిరాత చెడిపోవడం మొదట గమనించింది నేనే. దానికి శిక్ష వేసిందీ నేనే.

నేను అయిదో తరగతికి పాఠాలు చెబుతాను. ఆ ఏడు మా అమ్మాయి నా తరగతిలోనే, కిటికీ పక్కన మూడో బల్ల మీద కూర్చునేది. ఇంట్లో అందరం తనను బొంగరం అనేవాళ్ళం. నడక వచ్చిన రోజు నుంచి ఒక్క చోట నిలవదని వాళ్ళ అమ్మమ్మ పెట్టిన పేరది. బడి గేటు దాటి లోపలికొచ్చాక నన్ను నాన్నా అనకూడదు, సార్ అనాలని నేనొక నియమం పెట్టాను. తను ఒక్కసారి కూడా పొరబడలేదు. చెప్పిన మాటను చెప్పినట్టు చివరిదాకా పాటించే పిల్ల. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది.

దసరా సెలవుల తర్వాత తన అక్షరాలు గీత మీద నిలవడం మానేశాయి. కొన్ని పైకెక్కేవి, కొన్ని కిందికి జారేవి. పెన్సిలు చేతిలోంచి ఎగిరి పక్క బల్ల కింద పడేది. పేజీ మొత్తం పదిసార్లు రాయమన్నాను. రాసింది. పదోసారి రాసింది మొదటిసారి రాసినదానికన్నా అధ్వాన్నంగా ఉంది. కావాలనే చేస్తోందనుకున్నాను.

ఒక రోజు నేను నల్లబల్ల మీద లెక్క వేసి వెనక్కి తిరిగేసరికి తన నాలుక బయటికొచ్చి లోపలికి పోయింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఎవరిని వెక్కిరిస్తున్నావు?"

"ఎవర్నీ లేదు సార్."

బెంచీ ఎక్కి నిలబడమన్నాను. నిలబడింది. భుజం ఒకసారి ఎగిరింది. కుడిచేతి వేళ్ళు గాలిలో ఏదో మీటుతున్నట్టు కదిలాయి. తరగతి అంతా పగలబడి నవ్వింది. గంట కొట్టేదాకా అలాగే నిలబెట్టాను.

అంతకు రెండు నెలల ముందు తనకు గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. తర్వాత మోకాళ్ళు వాచాయి, అదీ తగ్గింది. ఎదిగే పిల్లలకు ఒంటి నొప్పులు మామూలేననుకుని మరిచిపోయాం.

నా భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. సాయంత్రం తనకు చూపు ఆనదు కనుక సూదిలో దారం ఎక్కించడం మా అమ్మాయి పని. ఒక సాయంత్రం పిల్ల పదకొండుసార్లు ప్రయత్నించి, దారాన్ని నేలకేసి కొట్టి, ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది. నా భార్య లేచింది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. మర్నాడు నేను బడికి బయల్దేరుతుంటే పిల్లను ముస్తాబు చేసి గుమ్మంలో నిలబెట్టింది.

"మీ క్లాసులో ఇవాళ ఒకరు తక్కువ. హాజరు పట్టీలో ఏం వేసుకుంటారో వేసుకోండి," అంది. "మేం ఆసుపత్రికి పోతున్నాం."

నేనూ వెళ్ళాను.

పిల్లల వైద్యురాలు వయసులో మాకంటే చిన్నది. నవ్వు తక్కువ. రెండు వేళ్ళు చాచి, "గట్టిగా పట్టుకో, నేను చెప్పేదాకా వదలకు," అంది. మా అమ్మాయి పట్టుకుంది. ఆ పట్టు బిగిసింది, సడలింది, మళ్ళీ బిగిసింది. ఆవు పాలు పితుకుతున్న చెయ్యిలా ఉంది. పిల్ల మాత్రం శాయశక్తులా పట్టుకునే ఉన్నాననుకుంటోంది. మొహం ఎర్రబడింది.

"వెక్కిరింత కాదు కదా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "ఇది ఆపమన్నా ఆగదండీ. తన చేతిలో లేదు."

గొంతులో చేరిన క్రిమిని తరమడానికి ఒళ్ళు పుట్టించే విరుగుడు ఒక్కోసారి సొంత ఒంటి మీదే పడుతుందట. కీళ్ళ మీద పడితే వాపు, మెదడులో ఒక మూల పడితే ఈ కదలికలు, గుండె మీద పడితే కవాటాలు దెబ్బతింటాయి. మా అమ్మాయి గుండెలో ఒక కవాటం దగ్గర కొంచెం లీకు ఉందని స్కానింగ్ తెరమీద చూపించింది. "చేతులు ఊగడం కొన్ని నెలల్లో దానంతటదే తగ్గవచ్చు. నాకు భయమల్లా గుండెతోనే. మూడు వారాలకొక పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి. ఒక్కటీ తప్పకూడదు."

అప్పుడే ఆ పరిశోధన గురించి చెప్పింది. ఈ కదలికలకు స్టెరాయిడ్ మాత్రలు పనిచేస్తాయో లేదో తేల్చడానికి నలభై మంది పిల్లల్ని తీసుకుంటున్నారు. సగం మందికి నిజం మాత్రలు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తివి. ఎవరికేవో డాక్టరమ్మకూ తెలియదు, మాకూ తెలియదు. నాలుగు వారాలు వేసి, తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ప్రతి గురువారం పిల్ల చేతులు చూసి పదికి ఎంతో వేస్తారు. రెండో వారానికీ ఏమాత్రం మెరుగు లేకపోతే ఆ పిల్లను పరిశోధన నుంచి తప్పించి, దాపరికం లేకుండా నిజం మందే మొదలుపెడతారు. గుండె ఫోటో మళ్ళీ అయిదో వారంలో.

"మధ్యలో ప్రతివారం నేను గుండె వింటాను. పది ప్రశ్నలు అడుగుతాను. ఆ జవాబులు చాలా ముఖ్యం," అంది.

నా భార్య నా వైపు చూసింది. నేను సంతకం పెట్టాను. అక్షరాలు చక్కగా ఉన్నాయని పెద్ద నర్సు మెచ్చుకుంది.

ఆ నర్సు లావుపాటి మనిషి, అందరితో చనువు. మా అమ్మాయి ముద్దుపేరు విని, "బొంగరమా! అయితే తిరుగుతూనే ఉండు తల్లీ. బొంగరం ఆగిందంటే పక్కకి ఒరిగిపోతుంది," అని బుగ్గ గిల్లింది. మా అమ్మాయి నవ్వింది. నా భార్య నవ్వలేదు.

మొదటి గురువారం పిల్ల చేత ఏం చేయించారో చెబుతాను. కాగితం మీద నత్తగుల్ల గీయాలి, లోపలి చుక్క దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా బయటికి. ఒక వాక్యం రాయాలి. నాలుక బయటపెట్టి పది లెక్కపెట్టేదాకా ఉంచాలి. చేతులు చాచి నిలబడాలి. వేళ్ళు పట్టుకోవాలి. తర్వాత పది ప్రశ్నలు. అన్నం బాగా తింటున్నావా, నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా. ఎనిమిదోది: మెట్లెక్కితే, పరిగెడితే, పడుకుంటే ఆయాసం వస్తోందా?

మా అమ్మాయి గీసిన నత్తగుల్ల తొక్కిన తీగలా ఉంది. డాక్టరమ్మ కాగితం మూల ఒక అంకె వేసింది. బల్లకు అవతలి వైపున్న రాతను తలకిందులుగా చదవడం మా వృత్తిలో అబ్బే విద్య. మూడు. పదికి మూడు.

బయటికొచ్చాక పిల్ల అడిగింది. "ఫెయిలయ్యానా నాన్నా?"

"ఇందులో ఫెయిలవడం ఉండదమ్మా."

"మీరు ఆ అంకె చూశారుగా. మీ మొహం చూస్తే తెలిసింది."

ఆ సాయంత్రం నేను వంద పేజీల తెల్ల నోట్‌బుక్ కొన్నాను.

నా మనసులో ఏముందో ఇప్పుడు సరిగ్గా చెప్పడం కష్టం. ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని పరీక్షలకు తయారు చేస్తున్నాను. ఏం అడుగుతారో తెలిసి కూడా తయారుచేయకుండా పంపడం నాకు చేతకాదు. బెంచీ మీద నిలబెట్టిన తప్పు కూడా లోపల తొలుస్తూనే ఉంది. తనతో పాటు కూర్చుని ఏదో ఒకటి దిద్దించాలి, అంతే.

రోజూ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర గంటసేపు. నత్తగుల్లలు నలభై. మణికట్టు బల్లకు అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒకే విసురులో తిప్పెయ్యాలి. నెమ్మదిగా గీస్తే చెయ్యి ఎగురుతుంది. వేళ్ళు పట్టుకునేటప్పుడు మోచెయ్యి పక్కటెముకలకు నొక్కిపెట్టుకోవాలి. నాలుకను కింది పళ్ళకు ఆనించి ఉంచితే పది దాకా నిలుస్తుంది. ఈ కిటుకులన్నీ మేమిద్దరం కనిపెట్టినవే. కొత్త కిటుకు దొరికిన రోజు తను కుర్చీలో ఎగిరి గంతేసేది.

నోట్‌బుక్ చివరి పేజీలో పది ప్రశ్నలూ, ఎదురుగా జవాబులూ రాయించాను. డాక్టర్ల ముందు నసగకూడదు, సూటిగా చెప్పాలని నేర్పాను. బాగా తింటున్నాను. బాగా నిద్ర పడుతోంది. లేదు. లేదు. లేదు.

ఆసుపత్రి వరండాలో ప్రతి గురువారం ఒక బస్సు డ్రైవరు కలిసేవాడు. అతని రెండో కూతురికీ ఇదే జబ్బు, మాతో పాటే చేర్చుకున్నారు.

"మాస్టారూ, మా దానికి నిజం మాత్రలే పడ్డాయండోయ్," అన్నాడు రెండో వారం. "ఆ మందుకి ఆకలి పెరుగుతుందటగా, ఇంట్లో గిన్నె మిగలట్లేదు. నిన్న నా పళ్ళెంలోది కూడా లాక్కు తినేసింది. మొహం చూడండి, గుమ్మడికాయలా ఎలా ఉబ్బిందో!"

"నువ్వే గుమ్మడికాయ!" అంది ఆ పిల్ల తండ్రికి ఒక్కటిచ్చి.

"చూశారా, నోరు కూడా పెరిగింది. మీ అమ్మాయి చిక్కినట్టుందేంటి?"

"తన తీరే అంత," అన్నాను. "చేతులు బాగా కుదురుకున్నాయి. ఇంటి దగ్గర సాధన చేయిస్తున్నాను."

అతను తల గోక్కున్నాడు. "సాధనా? అదెందుకు మాస్టారూ? బండి చప్పుడొస్తుంటే వచ్చినట్టే మెకానిక్కుకి వినిపించాలి గానీ, గుడ్డలు కుక్కి తీసుకెళ్తే వాడికేం తెలుస్తుంది?"

నేను నవ్వేశాను. బస్సు నడిపేవాడు వైద్యం గురించి మాట్లాడుతున్నాడనుకున్నాను.

ఆ వారం అయిదు వచ్చింది. మా అమ్మాయి గదిలోంచి బయటికొస్తూ నా చెయ్యి గట్టిగా నొక్కింది. నొక్కి, సడలించి, మళ్ళీ నొక్కింది. మూడో వారం ఏడు. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "చాలా మెరుగు. ఇలాగే కొనసాగిద్దాం."

ఆ రోజు ఇంటికొచ్చాక నా భార్య సూదీ దారం తెచ్చి పిల్ల చేతికిచ్చింది. పిల్ల ప్రయత్నించింది. సూది ఒక వైపు, దారం ఒక వైపు పోయాయి. మూడోసారికి సూది వేలిలో గుచ్చుకుంది.

"అక్కడ నత్తగుల్ల గీసింది కదండీ," అంది నా భార్య. "ఇక్కడ దారం ఎక్కించలేకపోతోంది. అదీ ఇదీ ఒక చెయ్యేగా?"

"సూది బెజ్జం చిన్నది."

"ఇదివరకూ అంతే ఉండేది."

"నువ్వు ప్రతిదానికీ అనుమానపడతావు. డాక్టరమ్మే మెరుగన్నాక ఇంకేంటి?"

"మీరు డాక్టరమ్మకు చూపించింది మీ నోట్‌బుక్కునండీ. పిల్లను కాదు." అలా అని వేలి మీద రక్తపు చుక్క తుడిచి, పిల్లను లోపలికి తీసుకెళ్ళింది.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కోపం రాకపోయి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ప్రశ్నలు మళ్ళీ అప్పజెప్పించుకుంటున్నాను. ఏడు దాకా గడగడా చెప్పింది. ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగింది.

"నాన్నా, ఒక్కోసారి వస్తోంది."

"ఏమిటి?"

"ఆయాసం. బడి మెట్లెక్కితే. పడుకున్నా కొంచెం వస్తోంది. రెండు దిండ్లు పెట్టుకుంటే పోతోంది."

కిటికీ అవతల ఎవరో సైకిలు చక్రానికి గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఒక్కోసారి అంటే లెక్కలోకి రాదు," అన్నాను. "గంటసేపు ఊపిరి బిగబట్టి గీస్తున్నావు కదా, అందుకే. రాసుకున్నదే చెప్పు."

"లేదు," అంది తను. నోట్‌బుక్‌లో ఉన్నట్టే, సూటిగా.

"తొమ్మిది?" అన్నాను.

మంగళవారం బడిలో ప్రార్థన ముగిశాక పిల్లలందరూ పై అంతస్తులోని తరగతికి వరసగా ఎక్కుతున్నారు. నేను వెనక ఉన్నాను. మెట్ల మలుపు దగ్గర వరస ఆగిపోయింది. మా అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. చేతులు మాత్రం కదలడం లేదు.

"ఒక్క నిమిషం సార్," అంది.

ఎత్తుకున్నాను. బడి గేటు దాటి బయటికొచ్చాక కూడా నన్ను సార్ అనే పిలిచింది.

ఆసుపత్రిలో ముక్కుకూ నోటికీ కలిపి ఆక్సిజన్ తొడుగు పెట్టారు. పాదాలు వాచి ఉన్నాయి. మేజోళ్ళ అచ్చు చర్మం మీద గాడిలా పడింది. అంతకు ముందు ఎన్ని రోజులుగా అలా ఉన్నాయో మాకు తెలియదు. బూట్లు తనే తొడుక్కునేది. డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత వంగి నెమ్మదిగా అడిగింది.

"ఆయాసం ఎన్నాళ్ళ నుంచి వస్తోందమ్మా? ఇంతకు ముందు ఎప్పుడైనా వచ్చిందా?"

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను పెదవి కదిలించే లోపే తొడుగు లోపల తన పెదవులు కదిలాయి.

"లేదు," అంది.

డాక్టరమ్మ తల తిప్పి, పిల్ల ఎటు చూసిందో అటు చూసింది. నా భార్య కూడా చూసింది.

అప్పుడు నేను చెప్పాను. ఆదివారం తను చెప్పిందంతా, దిండ్ల సంగతితో సహా. నోట్‌బుక్ మాట మాత్రం చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం, మేం వారం వారం వరండాలో కూర్చునే వేళకి, తను పోయింది.

బడిలో నెల సెలవిచ్చారు. పది రోజులకే వెళ్ళిపోయాను. మూడో బల్లను ఎవరో గది చివరికి జరిపి ఉంచారు. నేను దాన్ని మళ్ళీ కిటికీ పక్కకు లాగాను. ఇంట్లో కుట్టుమిషను చప్పుడు లేదు. నా భార్య నాకు అన్నం వడ్డించేది, ఎదురుగా కూర్చునేది కాదు.

రెండు నెలల తర్వాత ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. పరిశోధన కాగితాలు చూసే గుమస్తా ఎవరో చాలా మర్యాదగా మాట్లాడాడు. మా అమ్మాయి మూడు వారాల కాగితాలనూ లెక్కలో ఉంచడానికి మా ఇష్టం అడుగుతున్నాడు. "కదలికల మటుకు మీ పాపకు చాలా మంచి మెరుగు కనబడింది సార్. మూడు నుంచి ఏడు. అలాంటివి తక్కువ."

ఫోన్ పెట్టేశాక నా భార్యకు చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఆ ఏడనే అంకె పిల్లది కాదుగా," అంది.

"కాదు."

"మరి ఆ అంకె చూసి రేపు ఇంకో పిల్లకు మందు ఇవ్వాలో వద్దో తేలుస్తారా?"

తను లేచి అలమరలోంచి నోట్‌బుక్ తీసింది. దుమ్ము తుడిచి నా ఒళ్ళో పెట్టింది. "ఇచ్చి రండి. ఇచ్చాకే ఇంటికి రండి."

మర్నాడు డాక్టరమ్మ గదిలో ఆ నోట్‌బుక్ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎన్ని రోజులు, రోజుకెన్ని, ఏ కిటుకు ఏ పరీక్షకు. తను ఒక్కో పేజీ తిప్పింది. మొదటి పేజీల్లో తెగిన తీగలు, చివరి పేజీల్లో నున్నటి గుల్లలు. ఒక పేజీ మూల ఏ కిటుకూ వాడకుండా గీసిన నత్తగుల్ల ఒకటుంది, నేను చూడనప్పుడు గీసినట్టుంది. అది అచ్చం మొదటి రోజు దానిలాగే ఉంది. డాక్టరమ్మ దాని దగ్గర ఆగింది.

"ఎవరికే మాత్రలో రాసి మూసిపెట్టిన కవరును పాప పోయిన రోజే విప్పి చూశాం," అంది. "ఉత్తి మాత్రలు. మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉత్తి మాత్రలతో ఇంత మెరుగు ఎలా వచ్చిందా అని రెండు నెలలుగా ఆ కాగితాలు చూస్తున్నాను."

"నిజం మాత్రలయితే..."

"తెలియదు. మాత్రలు గుండెను కాపాడేవని నేను చెప్పలేను." నోట్‌బుక్ చివరి పేజీకి వచ్చింది. ఎనిమిదో ప్రశ్న మీద వేలు పెట్టి ఉంచింది. "కానీ ఇది నాకు చెప్పి ఉంటే ఆ రోజే చేర్చుకునేదాన్ని. నేనూ ప్రతివారం ఒకే వరసలో అడుగుతూ పోయాను. పిల్ల అప్పజెబుతోందని నాకూ తట్టలేదు."

ఒక తెల్లకాగితం నా వైపు తోసింది. "ఇప్పుడు చెప్పిందంతా తేదీలతో రాసివ్వండి. ఆ అంకె పక్కన ఇది జతచేస్తాను."

రాసిచ్చాను. కొట్టివేతలు లేవు. సంతకం పెడుతుంటే పెద్ద నర్సు లోపలికొచ్చింది. ఈసారి నా అక్షరాల గురించి ఏమీ అనలేదు.

అప్పటి నుంచి నా తరగతిలో ఎవరి అక్షరాలు గీత తప్పినా నేను మందలించడం లేదు. దగ్గరికెళ్ళి రెండు వేళ్ళు చాచుతాను. గట్టిగా పట్టుకోమని, చెప్పేదాకా వదలొద్దని అంటాను. పిల్లలకు ఇదొక ఆట అయిపోయింది. "సార్, నావి కూడా, నావి కూడా!" అని చేతులు చాచుతారు. ఏడాదిగా అందరూ గట్టిగానే పట్టుకున్నారు.

నిన్న మూడో బల్ల మీద కొత్తగా చేరిన పాప పట్టుకుంది. పట్టు బిగిసింది. సడలింది. మళ్ళీ బిగిసింది.

తరగతిలో ఎవరూ నవ్వలేదు. నేను బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. వాళ్ళ అమ్మకు కబురు పంపిస్తానని, ఇవాళే ఆసుపత్రికి వెళ్ళాలని చెప్పాను. "డాక్టరమ్మ చాలా ప్రశ్నలు అడుగుతుంది. నీకు ఏముంటే అది చెప్పు. ఒక్కోసారే వచ్చినా, కొంచెమే వచ్చినా చెప్పు."

పాప కొంచెం ఆలోచించింది.

"చెప్పింది తప్పయితే, సార్?"

పాప నా వేళ్ళు ఇంకా పట్టుకునే ఉంది. నేను వదలమనేదాకా వదలదు.